తినదగినదా? – క్రొత్త విత్తనము, కాపరి ప్రశ్న

ఈ ఉత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసినదిగా సంఘం కార్యవర్గం వారు కోరినప్పుడు, నేను కాకతీయుల గూర్చియో, శ్రీకృష్ణదేవరాయల గూర్చియో వ్రాస్తానని తలచి ఉంటారు. ఆ రెండూ విడిచి పత్తి చేను గూర్చి వ్రాస్తున్నాను. అందుకు కారణం ముందుగా మనవి చేసుకుంటాను.

నాది సాయంకాల తరగతుల తెలుగు. మా తాతగారు మలయా దేశపు రబ్బరు తోటలో తెలుగు పిల్లలకు అక్షరాలు దిద్దించిన పంతులు. మా నాన్నగారు కూడా ఉపాధ్యాయులే. నేను మూడవ తరం. పగలు బడిలో ఇంగ్లీషులో సైన్సు చదివి, దీపాల వేళ పక్కింటి పెద్దల వద్ద గుణింతాలు నేర్చుకున్నవాడను. ఉద్యోగానికి కువైట్ వచ్చిన తరువాత ఆ ఋణం తీర్చుకొనుటకు మన పిల్లలకు సాయంత్రాలు తెలుగు చెప్పుతున్నాను. భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

కొన్నేళ్ళ క్రితం శీతాకాలంలో మన కుటుంబాలు కొన్ని కలిసి ఎడారి వైపు వనభోజనానికి వెళ్ళాము. గొర్రెల మందను కాస్తున్న ఒకతను మన మాటలు విని దగ్గరకు వచ్చాడు. వరంగల్లు జిల్లా వాడు. పులిహోర పెట్టాము. నేను సైన్సు పంతులునని తెలిసి ఇలా అడిగాడు: “సారూ, ఎనకట మా జీవాలు పత్తి చేన్ల మేసి సచ్చిపోయినయ్. బీటీ పత్తి అని కొందరన్నరు, కాదు పురుగుల మందు అని కొందరన్నరు. నిజంగ దేనికి సచ్చినయో మీకు ఎరికేనా?” ఆ మంద పోయిన తరువాత మిగిలిన అప్పుతోనే అతడు గల్ఫు దారి పట్టాడట. తన జీవాలు పోయి, ఇప్పుడు పరుల జీవాలను కాస్తున్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. పక్కనే ఉన్న మా మనుమరాలు, “తాతయ్యా, మరి మనం తినేవి ఎవరు పరీక్ష చేస్తారు?” అని అడిగింది. దానికీ నా వద్ద సరియైన జవాబు లేదు. ఆ రెండు ప్రశ్నలకు బదులు వెతుకుతూ చదివినదే ఈ వ్యాసం.

మొదట బీటీ అనగా ఏమో చూద్దాం. అది మట్టిలో నివసించే ఒక సూక్ష్మజీవి. 1901 లో జపానులో ఇషివాటా అనే శాస్త్రజ్ఞుడు పట్టుపురుగులు చచ్చుటకు కారణం వెతుకుతూ దానిని కనుగొన్నాడు. 1911 లో జర్మనీలో బెర్లినర్ అనే ఆయన థురింజియా ప్రాంతంలో చచ్చిన పిండి పురుగులలో మళ్ళీ దానిని చూచి, ఆ ప్రాంతం పేరే పెట్టాడు: బాసిల్లస్ థురింజియెన్సిస్. 1938 నాటికే ఫ్రాన్సులో దానిని పురుగుల మందుగా తయారుచేశారు. ఈ సూక్ష్మజీవిలో ఒక మాంసకృత్తు ఉంది. కొన్ని జాతుల పురుగుల పేగులో క్షారగుణం ఎక్కువ. అక్కడ ఈ మాంసకృత్తు కరిగి, పేగు గోడకు అతుక్కొని, దానికి రంధ్రం చేస్తుంది. మనుష్యుల, పశువుల పేగులలో అది అతుక్కొనే చోటు లేదని, జీర్ణరసాలలో అది విరిగిపోతుందని శాస్త్రజ్ఞులు చెప్పుతారు. ఆ మాంసకృత్తును తయారుచేసే జన్యువును తీసి మొక్కలో పెట్టగా, మొక్క తానే ఆ పని చేస్తుంది. 1996 లో అమెరికాలో ఇటువంటి పత్తిని రైతులు మొదటిసారి వేశారు.

ఇక పరీక్షల చరిత్ర. ఈ విషయంలో మొదట జంకినది శాస్త్రజ్ఞులే. 1975 లో కాలిఫోర్నియాలోని అసిలోమార్ అనే చోట వారు సమావేశమై, ఒక జీవి జన్యువును మరొక జీవిలో పెట్టే ప్రయోగాలకు తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. 1993 లో ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ ఒక కొలబద్ద ఇచ్చింది. క్రొత్త పంటను దాని పాత తోబుట్టువు ప్రక్కన పెట్టి పోల్చాలి, ఏ ఏ విషయాలలో తేడా ఉన్నదో వాటిని విడిగా పరీక్షించాలి అని. 1994 లో త్వరగా మెత్తబడని టమాటా అమెరికా అంగళ్ళకు వచ్చింది. జన్యువు మార్చి అమ్మిన మొదటి పంట ఆహారం అదే.

ఈ కొలబద్దలో “పాత తోబుట్టువు” అనే మాట కొంచెం ఆగి చూడదగినది. పాతదంతా మంచిదని మనం అనుకుంటాం. పత్తి గింజలోనే పుట్టుకతో గాసిపాల్ అనే విషపదార్థం ఉంది. అందువల్లనే నూనెను శుద్ధి చేసి వాడతారు, చెక్కను పశువులకు మితంగా పెడతారు. 1918 లో కూనూరులో మొదలై తరువాత హైదరాబాదుకు తరలిన పోషకాహార పరిశోధనా సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకాంతయ్య గార్లు, జొన్నలే ముఖ్యాహారమైన బీదలకు వచ్చే పెల్లాగ్రా అనే వ్యాధికి జొన్నలోని ల్యూసిన్ తో సంబంధం ఉండవచ్చునని 1960 లో ప్రకటించారు. తాతల నాటి నుండి తిన్న జొన్నకే అటువంటి పరీక్ష అవసరమైనది. కావున క్రొత్త విత్తనాన్ని పరీక్షించుట దానిని అవమానించుట కాదు, పాత విత్తనాన్ని ఊరక నమ్ముట తెలివీ కాదు.

పరీక్షలు పని చేసిన ఒక ఉదాహరణ చెప్పుతాను. ఒక అమెరికా విత్తన సంస్థ సోయాలో పోషకం పెంచుటకు బ్రెజిల్ నట్ అనే గింజ నుండి జన్యువు తీసి పెట్టింది. ఆ గింజ కొందరికి పడదు. వారి రక్తంతో పరీక్షించి చూడగా క్రొత్త సోయా కూడా వారికి పడదని తేలింది. 1996 లో ఆ ఫలితం వైద్య పత్రికలో వచ్చింది. ఆ సోయా అంగడికి రానే లేదు.

పరీక్షలు కాగితం మీదే మిగిలిన ఉదాహరణ కూడా చెప్పాలి. 1998 లో అమెరికాలో స్టార్ లింక్ అనే మొక్కజొన్నకు పశువుల మేతగా మాత్రమే అనుమతి ఇచ్చారు. దానిలోని మాంసకృత్తు జీర్ణరసాలలో తొందరగా విరగదు కనుక మనుష్యులకు వద్దన్నారు. కాని గింజకు తాను ఎవరి గింజనో తెలియదు గదా! లారీలలో, గోదాములలో కలిసిపోయి 2000 సంవత్సరం సెప్టెంబరులో అది మనుష్యులు తినే అప్పాలలో కనబడింది. సుమారు 300 రకాల వస్తువులను అంగళ్ళ నుండి వెనక్కు తెప్పించారు. జబ్బు చేసిందని చెప్పిన వారి రక్తాన్ని ప్రభుత్వ వైద్యులు పరీక్షించగా, ఆ మొక్కజొన్న వలననే అనుటకు ఆధారం దొరకలేదు. అయినను ఒక పాఠం మిగిలింది: మేత వేరు, ఆహారం వేరు అని గీత గీయుట సులభం, నిలుపుట కష్టం. 2003 లో ఐరోపా దేశాలు ఆహారానికి, మేతకు కలిపి ఒకే చట్టం చేశాయి. అదే సంవత్సరం ఐక్యరాజ్యసమితి వారి ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ అన్ని దేశాలకు మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. జన్యువు ఎక్కడిది, క్రొత్త మాంసకృత్తు విషమా, ఎవరికైనా పడకపోవునా, పోషకాలు మారినవా – ఇవి అందులోని ముఖ్యమైన ప్రశ్నలు. అన్ని పంటలకు కలిపి ఒక తీర్పు చెప్పరాదు, ఏ పంటకు ఆ పంటనే చూడాలి అన్నది వాటి సారాంశం.

ఇప్పుడు మన నేలకు వద్దాం. భారతదేశంలో 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 1989 లో ఇందుకు నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం తుది మాట చెప్పేది ఢిల్లీలోని జన్యు ఇంజనీరింగ్ ఆమోద సంఘం. 1997–98 లో వరంగల్లు జిల్లాలో పురుగు పత్తిని తినివేసి, మందులు పనిచేయక, అప్పుల పాలైన రైతులు అనేకులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ దుఃఖం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, 2002 మార్చి 26 న, బీటీ పత్తికి అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగును అరికట్టే విత్తనం వచ్చిందంటే రైతు ఆశపడుట సహజం. కొద్ది సంవత్సరాలలోనే దేశంలోని పత్తి భూమిలో 90 శాతానికి పైగా బీటీ పత్తే అయినది.

పత్తి బట్టకే గదా అని మనం అనుకుంటాం. కాని గింజ నుండి నూనె వస్తుంది, ఆ నూనె వంటకు పోతుంది. మిగిలిన చెక్క పాడి గేదెకు పోతుంది, గేదె పాలు మన పిల్లలకు పోతాయి. శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తు దాదాపు మిగలదు. చెక్క సంగతి వేరు. అందుకే అనుమతికి ముందు మేకలకు, ఆవులకు, గేదెలకు, కోళ్ళకు, చేపలకు బీటీ పత్తి గింజల మేత పెట్టి పరీక్షించారు. హాని కనబడలేదని నివేదికలు ఇచ్చారు.

2006 ఫిబ్రవరి, మార్చి నెలలలో వరంగల్లు జిల్లా గ్రామాల కాపరులు తమ గొర్రెలు, మేకలు పెద్ద సంఖ్యలో చచ్చిపోతున్నవని చెప్పారు. పత్తి ఏరుట పూర్తయిన చేలలో మందలను తోలుట అక్కడ ఏనాటి నుండో ఉన్న ఆచారం. రైతుకు ఎరువు, కాపరికి మేత. అలా కొన్ని రోజులు ఆకు, మిగిలిన కాయ మేసిన తరువాత జీవాలు మందకొడిగా మారి, ముక్కు కారి, కడుపు ఉబ్బి, పారుకొని చచ్చినవని వారు చెప్పారు. అంత్ర అనే పశువైద్యుల సంస్థ, గొర్రెల కాపరుల సంఘం గ్రామాలకు వెళ్ళి వ్రాసుకున్న లెక్కలో ఆ సంఖ్య వెయ్యి దాటింది.

ఢిల్లీ సంఘం ఈ విషయం పరిశీలించి, చావులకు కారణం బీటీ మాంసకృత్తు కాదన్నది. ఆకులో నైట్రేట్లు ఎక్కువగా ఉండుట, పురుగుల మందుల అవశేషాలు కారణం కావచ్చునన్నది. ఇది అసంభవమైన మాట కాదు. శనగపచ్చ పురుగుకు మందు తగ్గినా, పచ్చదోమ వంటి రసం పీల్చే పురుగులకు రైతులు మందు కొట్టుచునే ఉన్నారు. ఆ మందులు గొర్రెను చంపగలవు. బీటీ మాంసకృత్తు గొర్రెను చంపే మార్గం ఏదీ శాస్త్రానికి తెలియదు.

అయితే ఒక పంతులుగా ఆ జవాబు పత్రాన్ని దిద్దితే పూర్తి మార్కులు వేయలేను. పరీక్షలో పశువులకు పెట్టినది గింజల మేత, కొట్టంలో, కొలిచి పెట్టినది. ఊరిలో గొర్రె తిన్నది ఆకు, కాయ, మందు కొట్టిన చేలో, ఆకలి తీరే వరకు. ఈ రెండూ ఒకటి కాదు. మన పల్లెలో పత్తి చేను ఒక మేత బీడు కూడా అని ఆ పరీక్ష పెట్టిన వారికి తట్టి ఉంటే, ప్రశ్న ముందే వచ్చేది. చావులు మొదలైన వెంటనే ప్రతి ఊరిలో కళేబరం కోసి, కడుపులోని మేతను, ఆ చేలోని ఆకును, పక్కన బీటీ కాని చేలోని ఆకును కలిపి ప్రయోగశాలకు పంపి ఉంటే, “కావచ్చును” అనే మాట “అవును” గానో “కాదు” గానో మారి ఉండేది.

మనకు పొరుగున జరిగినది ఒకటి పోల్చి చూడండి. 2007 ఆగస్టులో సౌదీ అరేబియాలో వాది అద్దవాసిర్ వైపు ఒంటెలు గుంపులుగా చచ్చాయి. మేతను ప్రయోగశాలలో పరీక్షించగా, తవుడులో సాలినోమైసిన్ అనే మందు కలిసినట్లు బయటపడింది. అది కోళ్ళకు ఇచ్చే మందు. కోడికి మేలు చేసేది ఒంటెకు విషమైనది. అక్కడ జన్యువుల ప్రసక్తే లేదు. కారణం దొరికినది మేత సంచిని పరీక్షించుట వలన.

వరంగల్లు పాఠం వంకాయ నాటికి కొంత పనికి వచ్చింది. పత్తి తరువాత బీటీ వంకాయ వరుసలో నిలిచింది. ఇది నూనె కాదు, చెక్క కాదు, గుత్తి వంకాయగా నేరుగా విస్తరిలోకి వచ్చేది. పరీక్షల వివరాలు బయటపెట్టవలెనని సమాచార హక్కు క్రింద పోరాటం జరిగిన తరువాత 2008 లో అవి ప్రజల ముందుకు వచ్చాయి. ఆ వివరాలను పరిశీలించుటకు 2009 లో వేసిన నిపుణుల సంఘానికి అధ్యక్షులు ఆచార్య అర్జుల రామచంద్రారెడ్డి గారు. అప్పుడు ఆయన కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులు. కువైట్ లోని మనలో ఎందరి సొంత జిల్లానో ఆ కడప! ఆ సంఘం వంకాయ సురక్షితమే అన్నది. 2009 అక్టోబరు 14 న ఢిల్లీ సంఘం ఆమోదించింది.

దానిని గట్టిగా ఎదిరించిన వారిలో ముఖ్యులు కూడా మన హైదరాబాదు వారే. అక్కడి కణ జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం వ్యవస్థాపక సంచాలకులు పుష్ప మిత్ర భార్గవ గారు. 2008 లో సుప్రీం కోర్టు ఆయనను, స్వామినాథన్ గారిని ఢిల్లీ సంఘం సమావేశాలకు ప్రత్యేక ఆహ్వానితులుగా పంపింది. చేసిన పరీక్షలు చాలవని, ఇంకా ఎక్కువ కాలం చేయాలని, విత్తనం అమ్మే సంస్థకు సంబంధం లేని ప్రయోగశాలలో చేయాలని ఆయన వాదన. ఆయన 2017 లో కీర్తిశేషులైనారు. ఇద్దరూ పెద్ద శాస్త్రజ్ఞులే. ఒకే నేలపై పనిచేసిన వారు, ఒకే కాగితాలు చదివి వేర్వేరు మాటలు చెప్పారు. ఎంత పరీక్ష చేస్తే చాలును అన్న చోటనే వారి మధ్య తేడా.

అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ గారు ఆంధ్రప్రదేశ్ నుండి రాజ్యసభకు ఎన్నికైనవారు. ఆయన ఏడు నగరాలలో సభలు పెట్టి రైతులను, శాస్త్రజ్ఞులను, సామాన్యులను విన్నారు. 2010 జనవరి 31 న హైదరాబాదులో సభ జరిగింది. 2010 ఫిబ్రవరి 9 న బీటీ వంకాయను నిలిపివేశారు. ప్రజల నమ్మకం, స్వతంత్ర పరీక్షలు సరిపడినంత వచ్చే వరకు ఆగుదామన్నారు. ఆ సంవత్సరమే ఢిల్లీ సంఘం పేరులోని “ఆమోద” అనే మాట పోయి “మదింపు” అనే మాట వచ్చింది. చిన్న మార్పుగా కనబడుతుంది గాని పంతుళ్ళకు దాని విలువ తెలుసు. మనం పిల్లవాని పత్రం చదవకముందే పాసు అని బోర్డు మీద వ్రాయము గదా.

పొరుగున బంగ్లాదేశ్ అదే బీటీ వంకాయను 2013 లో అనుమతించింది, అక్కడి రైతులు పండిస్తున్నారు. 2016 లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 900 కు పైగా పరిశోధనలను చదివి, అంగడిలో ఉన్న జన్యుమార్పిడి ఆహారాల వలన మామూలు ఆహారాల కంటె ఎక్కువ అపాయం ఉన్నదనుటకు ఆధారం కనబడలేదని చెప్పాయి. భయపడే వారు ఈ మాటను కూడా వినాలి. భారతదేశంలో 2021 లో కోళ్ళ మేత కొరత వచ్చినప్పుడు 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చారు. 2022 లో ఢిల్లీ సంఘం ఆవాలకు సిఫారసు చేయగా, 2024 జూలైలో సుప్రీం కోర్టు న్యాయమూర్తులిద్దరూ వేర్వేరు తీర్పులు ఇచ్చారు. వాదం ఇంకా ముగియలేదు.

మరి కువైట్ లో మన సంగతి? ఇసుక నేలలో పండేది తక్కువ. బియ్యం, పప్పు, నూనె, కోళ్ళ మేతలోని మొక్కజొన్న, సోయా – చాలావరకు ఓడ దిగి వచ్చినవే. ఇక్కడ ఆహారం చూచుటకు 2013 చట్టంతో ఆహార పోషణ ప్రజా సంస్థను ఏర్పాటు చేశారు. జమియాలో మనం తీసుకొనే నూనె డబ్బా వెనుక ఏ దేశపు చేను ఉన్నదో, ఏ ప్రయోగశాల ఉన్నదో మనకు కనబడదు. కనుక ఇంటి పిల్లలకు భయం నేర్పవద్దు, గ్రుడ్డి నమ్మకమూ నేర్పవద్దు. డబ్బా మీది చిన్న అక్షరాలు చదువుట నేర్పండి. మూడు ప్రశ్నలు నేర్పండి: దీనిని దేనితో పోల్చి చూచారు? ఏ జీవికి, ఎన్నాళ్ళు పెట్టి చూచారు? ఆ లెక్కలు అందరికీ కనబడేలా ఉంచారా? మా మనుమరాలికి నేను చెప్పిన జవాబు ఇదే.

ఆ కాపరికి ఫోను చేసి, చదివినదంతా నాకు చేతనైన మాటలలో చెప్పాను. బీటీ వలన అని చెప్పలేనని, మందు వలన కావచ్చునని, కాని నీ మంద విషయంలో గట్టిగా చెప్పుటకు తగిన పరీక్షలు లేవని చెప్పాను. అతడు కొంచెం సేపు ఊరుకొని, “అయితే అప్పుడు మా జీవాలను కోసి చూసి రాసుకున్నోళ్ళు లేరన్నట్టు” అన్నాడు. “లేరు నాయనా” అన్నాను. “మీరన్న రాయుండ్రి సారూ” అని ఫోను పెట్టేశాడు.

అందుకే వ్రాశాను. మన సంఘం కుటుంబాలలో పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు అవుతున్నారు, సంతోషం. వారిలో ఒక్కరైనా పశువైద్యులై, ఒక్కరైనా ఆహార పరీక్షల ప్రయోగశాలలో కూర్చొని, పల్లె కాపరి చెప్పిన మాటను కూడా కాగితం మీద పెట్టేవారు కావాలని ఈ ముసలి పంతులు కోరిక. అందరి ఇళ్ళలో కంచం నిండుగా, ఆరోగ్యం పదిలంగా ఉండుగాక. స్వస్తి.